నాయ్ సొందాంగ్ ఇంటి వంతు

మా సమోసిర్ దీవిలో గురువారం సాయంత్రం ప్రార్థన కూటం ఇంటింటికీ వంతుగా తిరుగుతుంది. చివర్లో ఎవరి మనవి వాళ్ళు చెబుతారు. సంఘ పెద్ద ఒక్కటీ వదలకుండా అన్నీ పైకి పలికి ప్రార్థించాలి. ఈ పద్ధతి పెట్టినవాళ్ళు నాయ్ సొందాంగ్‌ను ఎరగరు.

మా భాషలో నాయ్ అంటే తల్లి, సొందాంగ్ తల్లి కాబట్టి ఆమెకా పేరు. ఆ కూతురు పెళ్ళయి మేదాన్ పట్నంలో ఉంది. మొగుడు పోయాడు, కొడుకుల్లేరు. మొగుడి పొలంలో మరిది తోగప్ తన గేదెను దించాడు. "కొడుకు లేని ఇంటి పొలం అన్నదమ్ములదేగా" అన్నాడు. ఊరంతా ఒకటే వంశం, కాదన్నవాడు లేడు. తీర్పు చెప్పాల్సిన వంశపెద్దా, సంఘ పెద్దా ఒక్కరే, హాపోసన్ గారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనే రకం.

ఆమె వారం వారం ఒకటే మనవి చెప్పింది. తోగప్ ఎదురుగానే కూర్చుని ఉంటాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ సోదరి కష్టం తీర్చు" అనేవాడు.

"పొలం అనండి అయ్యా. ఆయనకి ఎంతమంది కష్టాలో, ఏదని గుర్తుంటుంది?" అనేది ఈవిడ, ప్రార్థన మధ్యలోనే. నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఒక వారం లూకా సువార్తలో విధవరాలి ఉపమానం వచ్చింది. అన్యాయపు న్యాయాధిపతిని విడవకుండా తిరిగి తీర్పు తెచ్చుకున్నావిడ కథ. చదువుతుంటే పెద్దాయన గొంతు తగ్గిపోయింది. "అంటే, విసుగు లేకుండా దేవుణ్ణి ప్రార్థించాలని భావం" అని ముగించబోయాడు.

"ఆవిడ వెళ్ళింది న్యాయాధిపతి దగ్గరికి కదయ్యా" అంది నాయ్ సొందాంగ్.

"అయితే నేను అన్యాయస్థుణ్ణా?"

"నేనన్నానా? పొలం ఇప్పించండి, ఇంకెవరూ అనరు."

ఆ నెలలోనే పెద్దలు కూర్చున్నారు. బతికున్నంతకాలం పొలం ఆమెదే అన్నారు. తోగప్ గేదెను తోలుకుపోయాడు. నాకు పండగలా అనిపించింది. పిచ్చిదాన్ని.

కోతలయ్యాక కూటం వంతు ఆమె ఇంటికొచ్చింది. ఆ పొలం బియ్యమే దంచి, బెల్లం పెట్టి, అరిటాకుల్లో లాంపెత్ కుడుములు ఉడికించింది. గోడ నుంచి గోడ దాకా చాపలు పరిచింది. నేను వెళ్ళేసరికి ఒక్కతే కూర్చుని ఉంది. పెద్దాయనకి జలుబట. మిగిలినవాళ్ళు ఆ కబురైనా పంపలేదు. తోగప్ ఇంటి నుంచి కీర్తనలు వినిపిస్తున్నాయి, పెద్దాయన గొంతుతో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వెళ్ళి అందర్నీ కడిగేసి రానా వదినా?"

"వద్దు. కూర్చో, తిను."

బైబిలు తెరిచి ఆ ఉపమానమే మళ్ళీ చదివింది. వేలు చివరి వాక్యం మీద ఆగిపోయింది.

"తీర్పు వచ్చాక ఆవిడ ఇంటికి ఎవరైనా వెళ్ళారా వదినా? ఇక్కడ రాయలేదు."

కడుపు నిండిపోయినా ఇంకో కుడుము ఆకు విప్పాను.