నాలుగు సీట్ల హెలికాప్టర్, తొండూరు ఎండ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎన్నికల ప్రచారం జోరు మీదున్న ఏప్రిల్ నెలలో, నన్ను ప్రొద్దుటూరుకు పంపారు. నేను అప్పట్లో హెలికాప్టర్ నడపడం నేర్పే ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో మెయింటెనెన్స్ ఇంజనీరును. మా యంత్రాల్లో పెద్దది నాలుగు సీట్లది. పెద్దది అన్నానని మరీ ఊహించుకోవద్దు. తోక తీసేస్తే అంబాసిడర్ కారు షెడ్డులో పట్టేస్తుంది. ఎన్నికలొస్తే దాన్ని ప్రచారానికి అద్దెకిచ్చేవాళ్ళు. వెంట ఒక పైలట్, ఒక ఇంజనీరు వెళ్ళాలి. రోజూ మొదట ఎగిరే ముందు నేను యంత్రమంతా పరీక్షించి సంతకం పెడితేనే పైలట్ సీట్లో కూర్చోవాలి. ఎగరాలా వద్దా అన్న తుది మాట మాత్రం పైలట్‌ది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు, తెలిసినా గిట్టదు.

ఆ విడత పైలట్ కెప్టెన్ కరుణ. మా సంస్థలో ఇన్‌స్ట్రక్టర్, అంటే కొత్తవాళ్ళకు నేర్పే పైలట్. జమ్మలమడుగులో పాత మిషన్ ఆసుపత్రి పక్క వీధిలో పుట్టి పెరిగింది. తండ్రి బడిపంతులు, తల్లి నర్సు. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడి వచ్చి, సోమవారం శిష్యుల చెవులు పిండేది. ఆమెకంటే బాగా నడిపే పైలట్లను ఒకరిద్దర్ని చూశానేమో గానీ, ఆమెలా ఆలోచించే పైలట్‌ను చూడలేదు. ఆ గౌరవం దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

శిక్షణ హెలికాప్టర్ కూలిందనగానే ఇంజన్ ఆగిపోయిందనుకుంటారు జనం. అది అరుదు. కరెంటు తీగ కనబడక తగలడం, దిగేటప్పుడు కింద చక్రాలకు బదులుండే స్కిడ్ అనే కడ్డీ రాయికో గట్టుకో పట్టుకొని పక్కకు బోల్తా కొట్టడం, తిరుగుతున్న తోక రెక్కలోకి మనిషి నడిచిపోవడం, ఇవి ఎక్కువ. వీటితోపాటు శిక్షణలో రోజూ భయపడేది మరొకటుంది. పైలట్ ఎడమ చేతి కింద కలెక్టివ్ అనే లివర్ ఉంటుంది. దాన్ని పైకి లాగితే పై రెక్కలు వాలు మారి గాలిని ఎక్కువ పట్టుకుంటాయి, యంత్రం లేస్తుంది. ఇంజన్‌కు అంత సత్తువ లేకపోతే మాత్రం రెక్కల వేగం పడిపోతుంది, హెచ్చరిక హారన్ మోగుతుంది. అప్పుడు లివర్ దించాలి. నేల మీదికి దూసుకొస్తుంటే దించమంటే ఏ చెయ్యి వింటుంది? కొత్తవాడు ఇంకా పైకి లాగుతాడు, రెక్కలు ఇంకా నెమ్మదిస్తాయి, అక్కడితో అయిపోతుంది. ఎండ ముదిరి గాలి పలచబడితే ఇంజన్ సత్తువా, రెక్కల పట్టూ రెండూ తగ్గుతాయి. కడప జిల్లా ఏప్రిల్ ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు.

మమ్మల్ని పిలిపించుకున్న అభ్యర్థి పేరు రాయను. ఆయన మనుషులు 'అన్న' అనేవాళ్ళు, నేనూ అలాగే రాస్తాను. పులివెందుల వైపు పల్లెల్లో ఆయన వర్గానికీ ఎదుటి వర్గానికీ రెండు తరాల పగ. రెండు వైపులా మనుషులు పోయారు. నాయకులు పార్టీలు మారినా ఊళ్ళలో వర్గాలు మారలేదు. రోడ్డు మీద అడుగుపెట్టలేని ఊళ్ళకు ఆకాశం మీంచి వెళ్ళి ఓట్లడగాలని ఆయన హెలికాప్టర్ తెప్పించుకున్నాడు.

ఆ ప్రాంతంలో నాయకుడు బండెక్కే ముందు ఆయన మనిషి ఒకడు బండి వెనక నుంచి చుట్టూ తిరిగి, కింద ఏమైనా పెట్టారేమోనని చూస్తాడు. జీపుకైతే మంచి పద్ధతే. మొదటిరోజు ప్రొద్దుటూరులో ఓబులేసు అనే అంగరక్షకుడు ఇంజన్ ఆడుతున్న హెలికాప్టర్‌కు కూడా అలాగే చుట్టు తిరగబోయాడు. తోక రెక్క తిరిగేటప్పుడు కంటికి ఆనదు, ఉండేది మనిషి ఎత్తులోనే. నేను పరుగెత్తి నడుం పట్టుకొని వెనక్కి లాగాను. అతను నన్ను కొట్టకపోవడం నా పూర్వజన్మ సుకృతం. కరుణ ఇంజన్ ఆపి దిగి వచ్చింది. తిట్టలేదు.

"నువ్వు చూసేది చూడప్పా, అది మీ పద్ధతి. ఇంజను ఆడకముందే చూడు. ఆడినాక ముందర నుంచే, నా కంటికి కనపడుకుంటా రావల్ల" అంది.

మర్నాటి నుంచి ఇంజన్ స్టార్ట్ చేసే ముందు తనే ఓబులేసును పిలిచి చుట్టు తిప్పించేది. అవతలి మనిషి భయాన్ని ఎగతాళి చేయకుండా తన పనిలో ఇముడ్చుకోవడం ఆమెకు బాగా తెలుసు.

అసలు సంగతి తొండూరు అవతల ఒక పల్లెలో జరిగింది. అది ఎదుటి వర్గం ఊరు. నేను ఇంధనం డబ్బాలతో జీపులో తెల్లారకముందే వెళ్ళాను. నా వెంట మస్తాన్ అని అన్న మనిషి వచ్చాడు. దిగాల్సింది బడి ఆవరణలో. చుట్టూ ప్రహరీ, దాని మీదుగా కరెంటు తీగలు. చల్లటి పూట, కాస్త ఎదురుగాలి ఉండగా కరుణ అన్ననూ ఓబులేసునూ తెచ్చి సులువుగా దించింది. ట్యాంకులో కావలసినంత మాత్రమే నింపాను. అన్న మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టలేదు, రాళ్ళూ వేయలేదు. ఆ ఊళ్ళో అది గెలుపు కిందే లెక్క. ఇంటింటికీ దండం పెట్టుకుంటూ వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

అంతలో కబురొచ్చింది. రోడ్డున వస్తున్న అన్న కార్ల మీద వాగు దగ్గర రాళ్ళ దాడి జరిగిందనీ, పోలీసులు వాటిని తొండూరులోనే ఆపేశారనీ. మస్తాన్ తిరిగి వెళ్ళాల్సింది ఆ కార్లలోనే. నా జీపులో రావచ్చు కదా అన్నాను.

"నువ్వు పోతావు సార్, నిన్నెవరూ ఏమనరు. నన్ను దోవలోనే దింపుకుంటారు" అన్నాడు మస్తాన్. నవ్వుతూనే అన్నాడు గానీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అన్నకు లెక్క తేలిగ్గా తోచింది. "నాలుగు సీట్లుండాయి. నువ్వు, నేను, వీళ్ళిద్దరు. ఇంగేం కావల్లమ్మా?"

కరుణ కుదరదంది. ముందుకు పరుగెత్తి లేచే చోటుంటే వేరు. ఇక్కడ తీగలు దాటేదాకా నిలువునా లేవాలి, ఈ ఎండలో దానికి సత్తువ చాలదు. పోనీ కొంత ఇంధనం తోడేద్దామా అని నేను అన్నాను. ఉన్నదే అంతంతమాత్రం, పైగా బీడీలు కాల్చే జనం మధ్య విమాన పెట్రోలు తోడతారా అన్నట్టు నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను.

అన్నకు కాదనిపించుకోవడం అలవాటు లేదు. ఓబులేసు చెయ్యి నడుం దగ్గరికి పోయింది. అక్కడున్న ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎటో చూస్తున్నారు. కరుణ వాదించలేదు. ముగ్గుర్నీ ఎక్కించుకొని, బెల్టులు కట్టించి, లివర్ మెల్లగా లాగింది. స్కిడ్లు నేల వదిలి జానెడు లేచాయో లేదో హారన్ కుయ్యిమంది. వెంటనే దించేసింది. దీన్ని హోవర్ చెక్ అంటాం. నేల దగ్గర రెక్కల గాలే యంత్రానికి కొంత ఆసరా ఇస్తుంది. ఆ ఆసరా ఉన్నచోటే నిలవలేనిది తీగలు దాటదు.

ఇంజన్ ఆపి వెనక్కి తిరిగి చెప్పింది. "ఇన్న్యారు కదన్నా. నేను ఇంగా లాగింటే అందరం పోతాంటిమి. ఒక్కొక్కర్నే తొండూరులో దింపొస్తా. ముందెవరో మీరే చెప్పండి."

ఇద్దరితో లేవదా అని అడిగాడు అన్న. లేస్తే లేవొచ్చు, 'వచ్చు' అనే మాట మీద నేను ఎగరను అంది.

ముందు అన్నే ఎక్కుతాడని అందరం అనుకున్నాం. వెనకబడినవాడికి ఆ ఊళ్ళో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆయన మస్తాన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నన్ను ముట్టల్లంటే పదిమంది కూచోని ఆలోచన చేస్తారు. వీన్ని ముట్టల్లంటే ఒకడు చాలు. ముందు మస్తాను పోనీ."

మస్తాన్ వెళ్ళాడు. రెండో విడత ఓబులేసు కదలనంటే కదలనన్నాడు. అన్న ఒక్కసారి "ఎక్కు" అన్నాడు, ఎక్కాడు. బడి వరండాలో నేను, అన్న మిగిలాం. ఎన్నో ఏళ్ళుగా మనుషుల మధ్య తప్ప కాలు కదపని ఆయన స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. ప్రహరీ మీద కుర్రాళ్ళు ఒక్కొక్కరే పోగవుతున్నారు. నాకు భయమేసిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

అప్పుడు గేటులోంచి ఎదుటి వర్గం పెద్ద వచ్చాడు. అన్న వయసువాడే.

"ఏం, ఒక్కనివే ఉండావు?" అన్నాడు.

"బండి అందర్నీ మోయలేదంట."

"ఎవరన్న్యారు?"

"ఆ తోలే పాప."

"ఆ పాప చెప్తే ఇన్న్యావా?"

"బండి సంగతి ఆయమ్మకు తెలుసు. నాకేం తెలుసు?"

ఆ పెద్ద వెళ్ళి వరండా అవతలి చివర కూర్చొని తువ్వాలుతో విసురుకున్నాడు. చంపించడానికి వచ్చి మనసు మార్చుకున్నాడో, ఎవరూ చెయ్యి వేయకుండా చూడ్డానికే వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కూర్చున్నంతసేపూ గోడ మీది కుర్రాళ్ళు మాత్రం ఇవతలికి దూకలేదు.

హెలికాప్టర్ దుమ్ము లేపుకుంటూ దిగింది. అన్న ముందు వైపు నుంచి, పైలట్ కంటికి కనబడుతూ, నడిచి వెళ్ళి ఎక్కాడు. ఈసారి హారన్ మోగలేదు. నిలువునా లేచి, తీగలు దాటి, ముక్కు వంచి తొండూరు వైపు సాగిపోయింది. నేను జీపులో బయల్దేరాను. నన్ను ఎవరూ ఆపలేదు.

నేను తొండూరు చేరేసరికి అన్న కారు పక్కన నిలబడి కరుణతో మాట్లాడుతున్నాడు. చివరి మాటలు మాత్రం విన్నాను. "నాకు వద్దని చెప్పేటోళ్ళు లేరమ్మా. ముందే ఎవరన్నా చెప్పింటే మావోళ్ళు శానామంది బతికింటారు." కరుణ, ఎండలో ఉన్నారు, కాసిని నీళ్ళు తాగండన్నా అని సీసా అందించింది.

ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను ప్రమాదాల దర్యాప్తు బృందాల్లో పనిచేశాను. కూలిన చిన్న హెలికాప్టర్ల శకలాలు విప్పి చూస్తే చాలావాటిలో ఇంజన్ నేలను తాకేదాకా సరిగ్గానే ఆడి ఉండేది. బరువు ఎక్కువ, చోటు ఇరుకు, ఎండ తీవ్రం. ఈ మూడూ పైలట్‌కు ముందే తెలుసు. ఎక్కినవాడు పెద్ద అధికారో, పెద్ద నాయకుడో, సంస్థ యజమానో అయి ఉండేవాడు. లివర్ ఎప్పుడు దించాలో ఎవరికైనా నేర్పవచ్చు. ఎక్కి కూర్చున్న పెద్దమనిషిని దిగమని చెప్పడం ఏ పాఠంలోనూ లేదు. ఆ రోజు ఆ పని చేసిన మనిషి ఒకరున్నారు, ఆ మాట విన్న మనిషి ఒకరున్నారు. అందుకే ఆ ఊరి పేరు ఏ ప్రమాద నివేదికలోనూ లేదు.