తగ్గినవాళ్ల లెక్క

నాకు తప్పు లెక్క చూస్తే ఒళ్లు మండుతుంది. పెళ్లిలో బంతికి ఎన్ని విస్తళ్లు వేశారో ఎవరైనా తప్పు చెప్తే, లేచి వెళ్లి మళ్లీ లెక్కపెట్టి వచ్చే రకాన్ని. ఇంట్లో దాన్ని నా జబ్బు అంటారు. ఆ జబ్బుకు తగ్గ ఉద్యోగమే దొరికిందని చాన్నాళ్లు గర్వపడ్డాను కూడా. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డయాలసిస్ సెంటరు. జమ్మలమడుగు నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి పోయి, అక్కడి రోగుల లెక్కలన్నీ కంప్యూటరులో ఎక్కించి, నెల తిరిగేసరికి వాటిని బొమ్మలుగా మార్చి బెంగళూరు హెడ్డాఫీసుకు పంపడం నా పని.

ఆ బొమ్మల్లో వాటర్‌ఫాల్ చార్టు అంటే నాకు ప్రాణం. నెల మొదట్లో మన దగ్గర ఎంతమంది ఉన్నారో, అది ఎడమ పక్కన నేలమీద నిలబడిన నీలం కడ్డీ. కొత్తగా చేరినవాళ్లు దాని తల ఎత్తు నుంచి పైకి లేచే ఆకుపచ్చ కడ్డీ. వేరే సెంటరుకు మారినవాళ్లకు ఒకటి, మానేసినవాళ్లకు ఒకటి, చనిపోయినవాళ్లకు ఒకటి ఎర్ర కడ్డీలు. ముందుది ఎక్కడ ఆగిందో అక్కడ మొదలై ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. చివర మిగిలినవాళ్లు మళ్లీ నీలం. పేర్ల వరస ఒక పెట్టెలో, అంకెల వరస ఒక పెట్టెలో లాగి వదిలితే సాఫ్ట్‌వేరే గీస్తుంది. కానీ దాని ఇష్టానికి వదిలేస్తే కడ్డీలను అక్షరాల వరసలో పేరుస్తుంది. చివరిది మొత్తం అని మనం విడిగా చెప్పకపోతే అది కూడా గాలిలో వేలాడుతుంది. ఈ మెలికలన్నీ ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, తప్పులు చేసి, దిద్దుకుని పట్టుకున్నాను.

అదే సెంటరులో మా మేనమామ కూడా రోగి. ఆయనది పులివెందుల దగ్గర పల్లె. గొర్రెల మంద ఉండేది. చీనీ, అంటే బత్తాయి తోటల వాళ్లు ఎరువు కోసం పిలిస్తే వాళ్ల తోటల్లో మంద కట్టేవాడు. యాభై దాటాక రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద పడుకుంటే మామూలు మనిషి. వరసగా రెండు మూడుసార్లు తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు. పులివెందులలోనే చూపించుకోవచ్చు. నా కళ్లముందు ఉంటాడని నేనే పట్టుబట్టి ప్రొద్దుటూరుకు రప్పించాను. ముద్దనూరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చేవాడు.

మొదటి రోజు సూదులు చూసి ఆయన లేచి పోబోయాడు. నేను ఎంత బతిమాలినా వినలేదు. ఆపింది పక్క మంచం ఆయన. కువైట్‌లో దర్జీ పని చేసి, అక్కడ జబ్బు పడి తిరిగొచ్చిన పెద్దమనిషి. మా మామ ఆయన్ను భాయి అనేవాడు.

"ఆరేండ్లయితాంది నేను ఈడ పండుకోబట్టి. మనవరాలి పెండ్లి గూడా చేసినా. నువ్వు యాడికి పోతావప్పా, పండుకో," అన్నాడాయన. మా మామ పడుకున్నాడు. ఆరేళ్లు అనే ఆ మాట పట్టుకునే ఆ తర్వాత ప్రతిసారీ వచ్చాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను ల్యాప్‌టాప్ తీసుకుని మామ మంచం పక్కన స్టూలు వేసుకునేదాన్ని. ఒకరోజు తెర వైపు తొంగి చూశాడు.

"ఏంది పాపా అది, మెట్ల మాదిరి ఉంది?"

రోగుల లెక్క ఆయనకు చూపించడం ఇష్టంలేక, ఆయన మందతోనే ఒక చార్టు గీస్తానన్నాను. ఏడాది మొదట్లో ఎన్ని, ఎన్ని ఈనాయి, ఎన్ని తగ్గాయి అని అడిగాను. ఒక్క గొర్రె తేడా లేకుండా చెప్పాడు. తగ్గినవన్నీ కలిపి ఒకే ఎర్ర కడ్డీ గీశాను. ఆయనకు కోపం వచ్చింది.

"అట్లా కలపగూడదు. రోగానికి పోయినవి వేరే, కుక్కలు పట్టినవి వేరే, ఇంకొకని మందకు ఇచ్చినవి వేరే. ఇచ్చినవి యాడనో ఒగచోట మేస్తాంటాయి. సచ్చినవి యాడ మేస్తాయి? తగ్గినాయి అని ఊరికే చెప్తే ఏం తెలుస్తాది. ఎట్లా తగ్గినాయో చెప్పల్ల."

విడదీసి గీశాను. తెర మీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి ఒక్కో కడ్డీ దిగుతూ తన ఏడాదినంతా చదువుకున్నాడు. మా మేనేజరుకు మూడు నెలలుగా చెప్తున్నా ఆ చార్టు చదవడం రాలేదు. మా మామకు ఒక్క మధ్యాహ్నం చాలింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ నెలలోనే హెడ్డాఫీసు నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. రోగులు కూర్చునే హాల్లో టీవీ పెట్టి సెంటరు లెక్కలు చూపించాలట. మేనేజరు మంచివాడే, కానీ పిరికివాడు. "చనిపోయినవాళ్లు అని విడిగా కనబడితే జనం భయపడతారమ్మా. మారినవాళ్లతో కలిపి వెళ్లినవాళ్లు అని ఒకటే కడ్డీ పెట్టు," అన్నాడు. నేను వాదించాను. ఎట్లా తగ్గారో చెప్పని లెక్క లెక్కే కాదని మామ మాటలే ఆయనకు అప్పజెప్పాను. చివరికి రెండు పేజీలకు ఒప్పందం కుదిరింది. కలిపింది టీవీకి. విడదీసింది హెడ్డాఫీసుకు, టీవీలో రాకుండా దాచి. టీవీ పేజీ చేసేటప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది.

లెక్క దగ్గర ఇంత పట్టుదల ఉన్నదాన్ని, మాట దగ్గర మాత్రం అందరిలో ఒకదాన్నే. మా సెంటరులో ఒక అలవాటు ఉంది, ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒక మంచం ఖాళీ అయితే, ఏమయ్యాడని మిగతా రోగులు అడుగుతారు. కడప సెంటరుకు మార్చుకున్నారని చెప్తాం. నర్సులు చెప్తారు, వాచ్‌మన్ చెప్తాడు. మా మామ చేరిన ఐదో నెలలో భాయి ఒక ఆదివారం ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. సోమవారం ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచారు.

"భాయి యాడ పాపా?"

"కడప సెంటరుకు మారినాడు మామా. కొడుకు ఆడ ఇల్లు తీసుకున్నాడంట."

"మంచిదేలే. ఒగ మాట చెప్పకుండా పాయ."

తర్వాతి వారం, కనబడితే నేను అడిగినానని చెప్పు అన్నాడు. చెప్పాను మామా, ఆయన కూడా నిన్ను అడిగాడు అన్నాను. అడక్కపోయినా ఇంకోసారి కూడా అన్నాను, ఆ మాట వింటే ఆయన ముఖం వెలిగేదని. ఎవరికీ నష్టం లేని అబద్ధం అనుకున్నాను. చనిపోయాడని తెలిస్తే రావడం మానేస్తాడని నిజంగా భయపడ్డాను.

ఆరు నెలల రివ్యూ వచ్చింది. హెడ్డాఫీసు పేజీని కాపీ చేసి, నెల లెక్క తీసేసి ఆరు నెలల లెక్క పెట్టాను. రివ్యూలో మా నర్సులకూ చూపించాలి కాబట్టి తెలుగులో పేర్లు, సరైన వరస, మొత్తాలు రెండూ నేలమీద. చాలా బాగా వచ్చింది. రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆ కొత్త పేజీని టీవీ నుంచి దాచాలన్న సంగతి మాత్రం మర్చిపోయాను. నా అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, నా తప్పు అంకెల్లో లేదు.

మరుసటి పొద్దున నేను బస్సు దిగి హాల్లోకి వచ్చేసరికి మామ బరువు చూపించుకోవడానికి కూర్చుని ఉన్నాడు. టీవీలో పేజీలు ఒకటి తర్వాత ఒకటి మారుతున్నాయి. ఆయనకు పెద్ద చదువు లేదు గానీ, బస్సు బోర్డు చదివినట్టు అక్షరాలు కూడబలుక్కుంటాడు. చార్టు చదవడం ఎట్లాగో నేనే నేర్పాను. తల పైకెత్తి ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా వస్తున్నాడు. మారినవారు, ఒకటి. చనిపోయినవారు, తొమ్మిది.

నేను లోపలికి పరిగెత్తి పేజీ దాచి వచ్చేసరికి ఆయన వేళ్లు మడుస్తున్నాడు. మంద దొడ్డిలోకి పోయేటప్పుడు వాకిట నిలబడి లెక్కపెట్టేవాడు కదా, ఆరు నెలల్లో తన షిఫ్టులో ఏ మంచం ఖాళీ అయిందో, ఎవరు కడపకు పోయారని మేం చెప్పామో ఆయనకు ఒక్కటీ తప్పలేదు. ఆరు వేళ్లు మడిచాడు.

"ఒగడే గదా పాపా మారిండేది," అన్నాడు.

నేను ఏదో అన్నాను, ఏం అన్నానో గుర్తులేదు. ఆ రోజు నాలుగు గంటలూ పడుకున్నాడు. నావైపు చూడలేదు. అన్నం డబ్బా తెరవకుండానే బస్సుకు పోయాడు.

తర్వాతి సారి రాలేదు. ఫోను చేస్తే ఒంట్లో బాగలేదన్నాడు. ఆ పైసారి కూడా రాకపోయేసరికి సెలవు పెట్టి పులివెందుల బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో. ఆయన రేకుల వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మంద అమ్మేశాక దొడ్డిలో కట్టెలు పేర్చుకున్నారు. పాదాలు రెండూ వాచి మెరుస్తున్నాయి. అత్త నన్ను చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

మాటలన్నీ బస్సులోనే కూడబెట్టుకుని వచ్చాను.

"ఆ చార్టు తప్పు మామా. అంకెలు తారుమారైనాయి. నేనే తప్పు చేసినా."

"నువ్వా?"

"నేనే."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"అట్లయితే భాయికి ఫోన్ కలుపు. ఒగ మాట మాట్లాడతా."

నా చేతిలో ఫోను ఉంది. భాయి నంబరు కూడా ఉంది, రోగుల జాబితాలో. చేస్తే ఆయన కొడుకు ఎత్తుతాడు. ఫోను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్పాలి, సిగ్నలు లేదనైనా చెప్పాలి అనుకున్నాను.

"భాయి సచ్చిపోయినాడని ఆపొద్దే చెప్పింటే, రోంతసేపు ఏడ్చి మళ్లా వచ్చి పండుకునేవాణ్ని పాపా," అన్నాడు. "సావంటే నాకేమన్నా కొత్తనా. గొర్రెల్లో పుట్టి పెరిగినా. ప్రతిసారీ రక్తం చీటీ చూసి, బాగుంది మామా, తగ్గతాంది మామా అంటాంటివి. నువ్వు చెప్పినావు కాబట్టి నమ్మి పండుకుంటి. ఇప్పుడు ఏది నిజమని నమ్మల్ల? అదీ ఇట్లాంటిదే అయింటాది."

అవి నిజంగానే బాగున్నాయి. రిపోర్టులన్నీ ఫోనులో తీసి చూపించాను. తేదీలు, అంకెలు, డాక్టరు సంతకాలు. ఆయన చేత్తో ఫోను పక్కకు జరిపాడు. అవన్నీ నువ్వు టైపు చేసినవే గదా అన్నాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. వాచిన పాదంలో నా వేళ్లు దిగబడి గుంటలు పడ్డాయి, అవి నిండటానికి ఎంతోసేపు పట్టింది. అత్త ఏడ్చింది, తిట్టింది, ఆటో పిలిపించింది. ఆయన మంచం దిగలేదు. ఆ సాయంత్రం ఖాళీ బస్సులో తిరిగొస్తూ నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. తిట్టుకుంటే ఆయన లేచి రాడు కదా.

తొమ్మిదో రోజు పొద్దున అత్త ఫోను చేసింది.

మామను మట్టి చేశాక నాలుగు రోజులకు మళ్లీ డ్యూటీకి పోయాను. నెలాఖరు. చార్టు పంపాలి. పేర్ల వరసలో ఆయన దగ్గరికి వచ్చి ఆగిపోయి మేనేజరును అడిగాను, ఏ కడ్డీలో వేయాలని. ఆయన పాపం కళ్లు దించుకున్నాడు.

"వరసగా మూడుసార్లు రాకపోతే మానేసినవాళ్లలో పడతారు గదమ్మా. అప్పటికి ఆయన మన లెక్కలో లేడు. రూలు అట్లా ఉంది."

రూలు అట్లాగే ఉంది. నేనే ఆ రూలు సాఫ్ట్‌వేరులో రాశాను. మానేసినవారు, ఒకటి. ఆ నెల ఇంకెవరూ చనిపోలేదు. సున్నా ఉన్నచోట సాఫ్ట్‌వేరు ఏ కడ్డీ గీయదు, పేరు మాత్రం కింద ఉంటుంది, పైన ఖాళీ. ఆయన గొర్రెలకైనా అట్లా లెక్క రాయనిచ్చేవాడు కాదు. నేను రాశాను. సరిచూసి, పంపాను.

గంటలోపల గ్రూపులో బెంగళూరు నుంచి మెసేజి వచ్చింది. ఒక నెలలో ఒక్క మరణం కూడా లేకపోవడం మా సెంటరు మొదలైనప్పటినుంచి ఇదే మొదటిసారి అని, అందరికీ అభినందనలని. పక్కన నా చార్టు. కింద డాక్టర్లు, నర్సులు, మేనేజరు వరసగా చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందరూ పెట్టాక నా పేరొక్కటే మిగిలింది. నేనూ పెట్టాను.