పిడి మార్చిన ఉలి

దసరా వస్తోందంటే చాలు, ఇన్నేళ్లూ నా గుండెల్లో రాయి పడేది. ఆయుధపూజకు పనిముట్లు కడిగి బొట్లు పెడుతూ ఒక ఉలి దగ్గరికి వచ్చేసరికి చూపు పక్కకు తిప్పుకునేదాన్ని. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెప్తాను.

మా మామ వడ్రంగి. ఆయన కొడుకులిద్దరూ, అంటే మా ఆయనా మా మరిదీ, యూనివర్సిటీ హాస్టళ్లలో తలుపులూ బల్లలూ బాగుచేసేవాళ్లు. కాపురం పక్కనే, మాణికేశ్వర్ నగర్‌లో. చూపు మందగించాక మామ ఉలి నూరే పని నాకు నేర్పాడు. బడి మొహం సరిగ్గా చూడనిదాన్ని, ఆ విద్య మాత్రం అబ్బింది. ఉలిని ఎంచేటప్పుడు పేరూ ధరా చూడొద్దనేవాడు. దారం కట్టి వేలాడదీసి కొడితే గంటలా మోగాలి. పగిలిన కుండలా పలికితే పక్కన పెట్టాలి. టేకు ముడి మీద నడిచాక కూడా అంచు పదును పోక, గోటి మీద జారకుండా ఆగాలి.

మామ పోతూ తన ఉలి చిన్నోడికి ఇవ్వమన్నాడు. మా ఆయన తార్నాకలో కొత్తది కొనుక్కున్నాడు. ఎర్ర పిడి, దాని మీద కంపెనీ ముద్ర, గ్యారంటీ కాగితం. కొట్టి చూశాను. మూగది.

మరిది చేతిలో నాజూకు ఉంది. మా ఆయనది మొరటు చెయ్యి. మంచి ఉలి కూడా అటే పోతే నా మొగుణ్ణి పనికి ఎవరు పిలుస్తారు? ఆ ఏడు దసరా పొద్దున, కడిగే వంకతో రెండింటి పిడులూ ఊడదీసి మార్చేశాను. ఇటుకపొడితో తోమితే రెండూ ఒక్కలాగే మెరిశాయి. నాయన చెమటకు నల్లబడ్డ పిడిని మరిది కళ్లకద్దుకున్నాడు. అందులోని ఇనుము అంగడిది.

మా ఆయన వాడంతా తిరిగి తన ఉలిని 'కంపెనీ మాల్' అని పొగిడాడు. అప్పుడు గర్వపడ్డానా? పడ్డాను. సిగ్గు తర్వాత వచ్చింది, మరిది ఉలి మాటిమాటికీ మొద్దుబారి, చెక్కలు చీలి, చివరికి అతను లాలాపేటలో సామాను పెట్టెలకు మేకులు కొట్టే పనికి దిగాక. అయినా నోరెందుకు తెరవలేదు?

మొన్న దసరాకు అందరూ మా ఇంట్లోనే. పీట మీద రెండు ఉలులు. ఈసారి చూపు తిప్పుకోలేదు. రెంటికీ దారం కట్టి అందరి ముందూ కొట్టాను. ఒకటే మోగింది. ఇక దాచకుండా అంతా చెప్పేశాను. మా ఆయన తల వంచుకున్నాడు.

మరిది అన్నాడు: "ఇన్నేండ్లు నా చెయ్యినే తిట్టుకున్న గదా వదినా."

"నీ చెయ్యికేం కాలే. గా ఇనుమే ఖరాబ్. ఇది నీది, తీస్కో."

పండుగ నాడు పనిముట్లతో పని చెయ్యం. మరిది తెల్లారి వచ్చి, ఆ ఉలిని టేకు ముక్క మీద పెట్టి నెట్టాడు. ఉల్లిపొర లాంటి పొర చుట్టుకుంటూ లేచింది. తన చేతిని తానే తిప్పి తిప్పి చూసుకున్నాడు. నవ్వాడు.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. ఎర్ర పిడి ఊడదీసి, నాయన పిడి ఎక్కించమని నా చేతికే ఇచ్చాడు.

ఎక్కించాను. అందరూ చూస్తుండగా.