గోడ చప్పుడు

నకిరేకల్‌లో నా కిరాయి గదికీ, పక్క గదిలో ఒక్కతే ఉండే లక్ష్మమ్మవ్వ గదికీ మధ్య ఉన్నది ఒక పల్చటి గోడ. కంప్యూటర్లో సినిమా పెడితే మాటలు వినబడవు. సౌండ్ పెంచితే, ఫైటింగ్ రాగానే అవ్వ గోడ మీద దబదబా కొడుతుంది. రోజూ ఇదే తంతు.

సౌండ్ సెట్టింగుల్లో ఒక టిక్ పెడితే చిన్న శబ్దాలు పెరిగి పెద్దవి తగ్గుతాయని ఈ రోజు ఆఫీసులో ఒకతను చెప్పాడు. సాయంత్రం రాగానే పెట్టాను. మాటలు స్పష్టంగా వినిపించాయి, ఫైటింగ్ మెత్తగా సాగిపోయింది. గోడ మాత్రం పలకలేదు. సినిమా అయ్యేలోపు అవ్వే తలుపు దగ్గరికి వచ్చింది.

"ఏం బిడ్డా, ఇయ్యాల సప్పుడు లేదు. పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న అవ్వా. సౌండ్ సెట్టింగ్ మార్చిన. ఇగ నీకు లొల్లి ఉండదు."

"గట్లనా," అని గోడ వైపు చూసింది. "గోడ కొట్టుడన్న ఒక పని ఉంటుండె."

ఈ గదికి వచ్చినప్పటి నుంచి సాయంత్రాలు నన్ను పలకరించింది ఆ గోడ ఒక్కటే. అవ్వ వెళ్లాక టిక్ తీసేసి ఇంకో సినిమా పెట్టాను. మీకూ గోడ కొట్టే మనిషి ఉంటే, సౌండ్ సరిచేసే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

నా సినిమాలో ఫైటింగ్ ఇంకా రాలేదు.