పెద్దమ్మ తెచ్చుకున్న రావణాసురుడి మీసాలు

చిన్నప్పటి మా పక్క క్వార్టర్ పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున్నే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. జగదల్‌పూర్‌లో బస్సెక్కి బైలడిల్లా కొండల కింది టౌన్‌షిప్‌కు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. నా కళ్లు ముందు గుమ్మం మీదికే పోయాయి. మేకుకు వేలాడుతూ ఆ ముళ్ల బంతి ఇంకా అక్కడే ఉంది.

అది సముద్రపు ఒడ్డున పెరిగే గడ్డి కాయ. రావణాసురుడి మీసాలు అంటారు. శ్రీకాకుళం తీరంలో వాళ్ల ఊరికీ అలలకీ మధ్య ఉన్న ఇసక దిబ్బను ఆ గడ్డే పట్టి నిలిపేదట. పెదనాన్నకు ఇక్కడి ఇనుప గనిలో ఉద్యోగమొచ్చి కాపురానికి బయల్దేరినప్పుడు రెండు కాయలు చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది. సారెలో ముళ్లు తెచ్చుకున్న కొత్త పెళ్లికూతుర్ని నేను మరొకరిని ఎరగను.

గాలి లేచిన సాయంత్రాలు బంతిని దించి వరండాలో వదిలేది. అది దొర్లుతూ పరుగెత్తేది. మేం పిల్లలం తలుపు మూసి పట్టుకోబోతే ఊరుకునేది కాదు.

"ఆపకండర్రా, ఎల్లనీండి! అదెక్కడ తన్నుకుంటే అక్కడే మొలుస్తాది."

మా పెరటి వెనక ఎర్రమట్టి గట్టు ప్రతి వానకీ జారి వంటగది దాకా వచ్చేది. పెద్దమ్మ రెండో కాయ గింజలు ఆ గట్టు మీద చల్లి, రోజూ కళ్లుప్పు కలిపిన నీళ్లు పోసింది. మా అమ్మది కొంట దగ్గర శబరి ఒడ్డు పల్లె. చూసి నోరు నొక్కుకుంది.

"ఏంది అక్కా గిది! ఎవరన్న మొక్కలకు ఉప్పునీళ్లు పోస్తరా?"

"దాని ఊరి నీళ్లు దానికి పొయ్యాల కదమ్మా!"

ఆ గడ్డి మొలవలేదు సరికదా, గట్టు మీదున్న నాలుగు పిచ్చిమొక్కలూ మాడిపోయాయి. పెద్దమ్మ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మరుసటి వానలకు అమ్మ పుట్టింటి నుంచి వట్టివేరు పిలకలు తెచ్చి నాటింది. గట్టు నిలిచింది. పెద్దమ్మ వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంది, మంచినీళ్లతోనే. కానీ ఎవరైనా మెచ్చుకుంటే, "మంచిదే గానీ, మీసాల్లేవు" అనేది.

నవ్వించడానికే అనేదనుకునేవాళ్లం. ఖనిజం నింపుకున్న రైలు విశాఖ వైపు కదిలినప్పుడల్లా చేతిలో పని ఆపి నిలబడేది. "ఈ రాళ్లన్నీ మా సముద్రానికి ఎల్లిపోతన్నాయి. నాను తప్ప" అని ఒకసారి అంది. అప్పుడు మేం నవ్వలేదు.

వెళ్లాలనే ఉండేది. పెదనాన్న డ్యూటీలు, పిల్లల పరీక్షలు, తర్వాత మోకాళ్లు. ఈలోగా అక్కడి దిబ్బను ఎవరో తవ్వుకుపోయారు, సముద్రం ముందుకొచ్చి ఊరు వెనక్కి జరిగిందని కబురొచ్చింది. ఆ తర్వాత ప్రయాణం మాట ఎత్తలేదు. బంతిని మాత్రం దుమ్ము దులిపి మళ్లీ మేకుకు తగిలించేది. ఆమెను ఒక్కసారి ఆ ఒడ్డున నిలబెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

వస్తుంటే వాళ్లబ్బాయి బంతిని దించి నా చేతిలో పెట్టాడు. "నువ్వే ఉంచుకో అక్కా" అన్నాడు.

నిన్న సాయంత్రం కిటికీలోంచి వచ్చిన గాలికి అది మా బల్ల మీద నుంచి జారింది. గచ్చు మీద దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, మూసిన తలుపుకు ఆనుకుని వణుకుతూ ఆగింది.

లేచి తలుపు తీశాను.