కొండని ఊడ్చేసిన రోజు

మనుషులు ఇల్లు ఊడుస్తారు, వాకిలి ఊడుస్తారు. నేను మాత్రం ఒక కొండని ఊడ్చి చెత్తబండికెత్తాను. నవ్వకండి, చివరిదాకా వినండి. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళే నాకంటే నయమని మీరే అంటారు.

అమీర్‌పేటలో రెండు గోడల మధ్య సందు దొరికితే చాలు, అక్కడ జావా చెప్పేస్తున్న రోజులవి. నేను తెనాలి నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగాను. పొద్దున్న జావా క్లాసు, ఆ తర్వాత పంజాగుట్టలో భూసంరక్షణ ఆఫీసులో టైపింగు. తాత్కాలిక ఉద్యోగం. అది పర్మనెంటు కాకపోతే తెనాలి బస్సెక్కాల్సిందే. అక్కడ మా మేనత్త కొడుకు కొత్త చొక్కా కుట్టించుకుని నాకోసం కాచుక్కూర్చున్నాడు. ఇక ఆ ఉద్యోగం నాకెంత ముఖ్యమో వేరే చెప్పాలా!

వానకి కొండవాలు మట్టి కొట్టుకుపోకుండా గట్లు వేయించడం ఆ ఆఫీసు పని. అక్కడివాళ్ళకి మట్టంటే ఎంత పిచ్చంటే, పెళ్ళికెళ్ళినా ముందు హాలు బయట పూలకుండీలో వేలు పెట్టి చూస్తారు. చిటికెడు మట్టి తడిపి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఆహా!" అంటారు. మా సీతారామయ్య సారైతే ఆ చేత్తోనే ఉప్మా కూడా తినేసేవారు.

ఒకరోజు ఆయన హడావుడిగా బయటికి వెళ్తూ, "అమ్మాయ్, రేపు పెద్దసారు తనిఖీకి వస్తున్నారు. ఆఫీసు అద్దంలా ఉండాలి. ఆయన మెచ్చుకున్నారంటే నీ పర్మనెంటు కాగితం మీద అక్కడే సంతకం పెట్టిస్తాను," అన్నారు.

ఇంకేం! చున్నీ నడుముకి బిగించి చీపురందుకున్నాను. వెనకగది తలుపు తీస్తే పాత పేపర్ల మీద మూడు మట్టికుప్పలు, పక్కన చీటీలు. "ఛీ, ఊడ్చి ఎత్తిపోసే ఓపిక కూడా లేదు వీళ్ళకి!" అనుకుని మొత్తం ఎత్తి, వాకిట్లో ఆగిన చెత్తబండిలో స్వయంగా పోసొచ్చాను. చీటీలు మాత్రం, దస్తూరీ ముచ్చటగా ఉందని భద్రంగా దాచాను. చూశారా నా తెలివి!

అంతలో అటెండరు మల్లేశన్న చాయ్ పట్టుకొచ్చాడు.

"చెల్లె, గీడ మట్టి ఆరబోసినం గదా, ఏడుంది?"

"చెత్తా? ఊడ్చేశాను అన్నా."

"ఊడ్చినవా! గది కొండమట్టి చెల్లె! పైన, నడుమ, కింద తవ్వి తెచ్చినం. నీడల ఆరినంక పరీక్షకు పంపాలె. రేపు పెద్దసారు చూసేది సుత గదే!"

వీధిలోకి పరిగెత్తాను. చెత్తబండి అప్పటికే ట్రాఫిక్కులో కలిసిపోయింది. మేనత్త కొడుకు చొక్కా కళ్ళముందు రెపరెపలాడింది. అక్కడే మెట్లమీద కూలబడి ఏడుపందుకున్నాను.

"జర ఊకో చెల్లె, ఫికర్ చెయ్యకు," అన్నాడు మల్లేశన్న. "ఏడిదైతేంది, మట్టి మట్టే గదా!"

ఆఫీసు ఎదురుగా కంప్యూటర్ కంపెనీల కేబుళ్ళ కోసం రోడ్డంతా తవ్వి పోశారు. ఆ గుంత పక్కనే మిర్చిబజ్జీల బండి. ఇద్దరం బకెట్లతో అక్కడి మట్టి మోసుకొచ్చి, మూడు కుప్పలు పోసి, చీటీలు పెట్టేశాం.

"మస్తుగున్నయ్. అసలు కొండకన్న గివే మంచిగున్నయ్," అన్నాడు మల్లేశన్న తృప్తిగా.

మర్నాడు పెద్దసారు వచ్చారు. నేలంతా చూసి "భేష్" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. నేరుగా వెనకగదిలోకి నడిచారు. పోయిన ప్రాణం వచ్చినట్టే వచ్చి మళ్ళీ పోయింది.

"ఇది కొండ పైభాగం సార్," అన్నారు సీతారామయ్య సారు గర్వంగా.

పెద్దసారు చిటికెడు తీసి, తడిపి, నలిపి, వాసన చూశారు. ఆగి, మళ్ళీ చూశారు.

"సీతారామయ్యా, కొండమీద మిర్చిబజ్జీ వాసనేంటయ్యా?"

సీతారామయ్య సారు కూడా వాసన చూసి తెల్లబోయారు. "అక్కడ... అడవి మిరప ఉందేమో సార్."

"మరి ఈ వైరుముక్కో? అడవి వైరా?"

నడిమి కుప్పలో సోడామూత దొరికింది. అడుగుభాగం కుప్పలోంచి పెద్దసారు ఒక కాగితం ముక్క లాగి, దులిపి, పైకి చదివారు. "'నెలరోజుల్లో జావా. డెమో క్లాసు ఉచితం.' కొండ అడుగున బాగానే అభివృద్ధి జరిగిందయ్యా!"

మల్లేశన్న ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు. నావల్ల కాలేదు. "నేనే సార్, చెత్తనుకున్నాను సార్," అని వెక్కుతూ మొత్తం కక్కేశాను.

పెద్దసారు గోడ పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "ఈ కొండకి గట్లెందుకయ్యా, చట్నీ పంపిస్తే చాలు!"

ఆ నవ్వుతోనే నా కాగితం తెప్పించుకున్నారు. "ఈ గదికి నేలనేది ఒకటుందని ఇన్నాళ్ళకి ఇవాళే తెలిసింది. పిల్లని వదులుకోకండి," అని సంతకం పెట్టారు. పెట్టి, కింద ఒక వాక్యం రాశారు: "చీపురునకు దూరముగా ఉంచవలెను."

మర్నాడు గడ్డపార, సంచులు ఇచ్చి మల్లేశన్ననీ నన్నూ ఆ కొండకే తోలారు. మండుటెండలో మట్టి తవ్వుతూ భూదేవి సాక్షిగా శపథం చేశాను: ఇది ఎవరి మట్టి, ఎక్కడి మట్టి అని నలుగురినీ విచారించనిదే ఈ జన్మలో చీపురు ముట్టను. నేటికీ ఆ మాట తప్పలేదు. పైగా పెద్దసారు రాతపూర్వక ఆజ్ఞ కూడా ఉందాయె. అందుకే మా ఇంట్లో ఊడ్చేది మావారు.