ఆ సినిమా చివరి రీలు

మొన్న ఆదివారం మా మరిది కూతురు కాకినాడ నుంచి వచ్చి, "పెద్దమ్మా, నువ్వూ అమ్మా చూసిన ఆ కోర్టు దయ్యం సినిమా ఫోన్లో దొరికింది, చూద్దాం రా" అంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా వేళ్ళు ఆగిపోయాయి. సినిమాకి భయపడే వయసు కాదు నాది. కానీ దాని చివరి రీలు నేను చూడలేదు. చూశానని పాతికేళ్ళ కిందట ఈ పిల్ల తల్లికి, అంటే మా తోటికోడలికి, చెప్పాను.

అప్పుడు పిల్లకి పన్నెండేళ్ళు, మూర్ఛ. కాకినాడ డాక్టరు మాత్రలు రాసి, ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. పెద్దాపురం అవతల ఒక గురువుగారేమో మాత్రలు మానేసి, నలభై రోజులు తన విభూతి పెడితేనే పట్టిన గాలి వదులుతుందన్నాడు. మా తోటికోడలు ఇద్దరి మధ్యా నలిగి, కళ్ళు పీక్కుపోయి తిరిగేది. సరిగ్గా అప్పుడే మండపేటలో ఈ సినిమా పడింది. దాంట్లో దయ్యం పట్టిందన్న పిల్ల చనిపోతుంది, మందులు మానిపించి మంత్రం వేసిన స్వామిని బోనెక్కిస్తారు. ఇది అచ్చం మన గొడవేనని, తీర్పు ఏమొస్తుందో చూసి తేల్చుకుంటానంది. సినిమా చూసి వైద్యం తేల్చుకోవడమేంటని తిట్టాను. తిట్టి, మ్యాట్నీకి తోడెళ్ళాను.

ఆడవాళ్ళ బెంచీలు, నల్లులు, వేయించిన వేరుశనక్కాయల వాసన. దయ్యం కంటే ప్లీడర్లే ఎక్కువ అరిచారు. దేవుడొచ్చి సాక్ష్యం చెబుతాడా అని సర్కారు ప్లీడరు వెటకారమాడితే స్వామి కళ్ళు మూసుకున్నాడు. కోర్టులో ఫ్యాను ఆగింది. జడ్జి కళ్ళజోడు తీసి నోరు తెరిచాడు. తెర తెల్లబడింది. ఆ రోజుల్లో ఒకే ప్రింటు రెండు ఊళ్ళ హాళ్ళలో ఆడేది. అక్కడ అయిపోయిన రీళ్ళు పెట్టెలో మోపెడ్ మీద ఇక్కడికి వచ్చేవి. "చివరి పెట్టె దారిలో ఆగిపోయిందండి, రేపు ఇవే టిక్కెట్లతో రండి" అన్నాడు మేనేజరు. జనం కుర్చీలు బాదారు. మా తోటికోడలు మాత్రం ఆ తెల్ల తెరకే దండం పెట్టింది.

బస్సులో నా చెవి దగ్గర అంది: "ఫ్యాను ఆగింది చూశావా అక్కా. దేవుడే గెలిచాడు. మాత్రలు మానిపించేస్తా."

"కరెంటు పోతే మన ఊళ్ళోనూ ఫ్యాన్లు ఆగుతాయే. తీర్పు రాలేదు కదా. రేపు నేనెళ్ళి చూసొస్తాను, అందాకా మాత్ర వెయ్యి."

మర్నాడు వెళితే బొమ్మ మారిపోయింది. ప్రింటు వెనక్కి పట్టుకుపోయారట. గోడ మీద కొత్త పోస్టరుకి ఇంకా జిగురు ఆరలేదు. బస్టాండులో కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. రెండు బస్సులు వదిలేశాను. నాకు దేవుడి మీద నమ్మకం లేక కాదు, రోజూ దీపం పెడతాను. ఆ గురువుగారి మీద లేదు. ఈ రెండూ వేరని తోటికోడలికి నచ్చజెప్పే నేర్పు నాకు లేదు. ఉన్నవల్లా నలభై దాటాక సాయంత్రం బడిలో పలక పట్టి నేర్చుకున్న నాలుగు అక్షరాలు. మా ఇంటి ఆడవాళ్ళలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. నేను చదివి చెప్పానంటే ఎదురు లేదు.

"తీర్పు తెర మీద రాసి చూపించారు" అన్నాను ఇంట్లో అడుగుపెడుతూనే. "మాత్రలు మానిపించడం వల్లే పిల్ల పోయిందంట. స్వామికి జైలు."

"నువ్వే చదివావా?"

"అక్షరం అక్షరం."

"మరి దేవుడి మాటేంటక్కా?"

"ఆయన్ని కేసులోకి లాగలేదులే."

మా తోటికోడలు లేచి, పారెయ్యడానికి కట్టిన మాత్రల మూట విప్పింది. లేని అక్షరాలు చదివిన దాన్ని, ఆ సాయంత్రం దీపం వెలిగించి, దేవుడి పటం వైపు చూడకుండా వచ్చేశాను. ఆ తర్వాత పిల్లకి మరో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. రెండుసార్లూ ముద్దాయిలా గుమ్మం బయట అటూ ఇటూ తిరిగాను.

మొన్న సినిమా చివరిదాకా చూశాం. జడ్జి కళ్ళజోడు తీసి, స్వామి నిర్దోషి అన్నాడు. అని, బోను వైపు చేతులు జోడించాడు. పిల్ల ఫోను ఆపి నా వైపు తిరిగింది. "అమ్మకి నువ్వు చదివి చెప్పింది ఇది కాదు కదా పెద్దమ్మా."

"కాదు" అన్నాను. ఇంకో బొంకు బొంకే ఓపిక లేదు.

ఆ పిల్ల బ్యాగులోంచి మాత్ర తీసి, నా చెంబులో నీళ్ళతో మింగి, మిగిలిన చిక్కుడుకాయలు తన ముందుకి లాక్కుంది.

ఆ చివరి రీలు పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది. వేళకి వచ్చి ఉంటే, నా పక్కన కూర్చుని చూడటానికి ఈ పిల్ల ఉండేదో లేదో.